పేరంటాలు గంపకు బోణీ

ఉప్పెన వచ్చిపోయిన ఆ చలికాలంలో చేప కడుపులో ఉంగరం దొరకని ఊరు మా వైపు ఒక్కటీ లేదు. తెనాలిలో అడిగితే బాపట్లలో దొరికిందన్నారు. బాపట్ల వెళ్తే స్టేషన్ ఎదురుగా టీ కొట్టు ఆయన, "ఇక్కడ కాదండి, కొలకలూరులో ఎవరో రైతు ఇంట్లోనంట" అన్నాడు. పైగా, "మొన్న ఇంకొకావిడ కూడా వచ్చి ఇదే అడిగింది, వెండిదా బంగారందా అని. మీకందరికీ ఆ ఉంగరంతో ఏంటండీ పని?" అని నన్నే ఎగాదిగా చూశాడు. కొలకలూరు వాళ్ళు చీరాల అన్నారు. ఒకచోట ఉంగరంతో పాటు వేలు కూడా ఉంది. ఇంకోచోట ఉంగరం మీద పేరు చెక్కి ఉంది, ఆ పేరేంటో మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఈ కథ మొదట అల్లినవాడు దొరికితే చెవి మెలిపెట్టాలని నా కోరిక. వాడు దొరకలేదు.

కథ ఎవరు అల్లినా నష్టం మాత్రం నిజం. సముద్రంలో అన్ని శవాలు కలిశాక ఆ చేప నోట్లో పెట్టుకోవడం ఎలాగని జనం మానేశారు. తెనాలి మార్కెట్లో చేపల వరసలో ఆడవాళ్ళు పొద్దున గంప దించి, మధ్యాహ్నానికి అదే గంప నెత్తికెత్తుకుని రైలెక్కుతున్నారు.

నా పేరు సూర్యకుమారి. ఉద్యోగం హెల్త్ విజిటర్. మా నాన్న వెంకటరాఘవయ్యగారు తెనాలిలో మా వీధి శివాలయానికి పూజారి. మా ఇంట్లో ఉల్లిపాయ వండాలన్నా తిథీ వారం చూసుకుంటారు. నేను మాత్రం కూర్చున్నచోట కుదురుగా కూర్చోలేను, నోరు ఊరుకోదు. ఈ రెండు గుణాలూ చూసే కాబోలు, ఉప్పెన బాధితులకు వైద్యం చెయ్యడానికి నార్వే దేశం నుంచి వచ్చిన డాక్టర్ హెల్గాకి మాట సాయంగా నన్ను వేశారు.

హెల్గా మొదట నేర్చుకున్న తెలుగు మాట 'తెలీదు'. ఆ ఒక్క మాటతో నన్ను వేపుకు తినేది. ఈ జ్వరం రేపటికి తగ్గుతుందా అంటే తెలీదు, రక్తం చూడాలి. ఈ బావి నీళ్ళు తాగొచ్చా అంటే తెలీదు, పరీక్షకు పంపాలి. మా వైపు డాక్టరు నాడి పట్టుకోకముందే తగ్గిపోతుందంటాడు, ఆ మాటకే సగం రోగం పోతుంది. ఈవిడ ఇలా చేతులెత్తేస్తుంటే చెయ్యి చాపేదెవరని నాకు మంట. ఇటుపక్క మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ పాండురంగారావు దేనికైనా 'ఏం కాదు' అంటాడు. ఆయన గొడుగు విరిగి వానలో తడుస్తూ కూడా ఏం కాదన్న మనిషి. ఈ ఇద్దరి మధ్యా నేను.

డిసెంబరులో రేపల్లె దిగువన సముద్రం ఒడ్డున ఉన్న పల్లెకు కలరా సూదులు వెయ్యడానికి వెళ్ళాం. పడవల మీదా వలల మీదా బతికే జనం. ఉప్పెనకు సగం ఇళ్ళు లేవు. పెట్టె తెరిచి కూర్చుంటే ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి యాభై ఏళ్ళ మనిషి, చేపలు అమ్ముకునే పేరంటాలు, కొంగు బొడ్లో దోపుకుని వచ్చి నా ముందు కూర్చుంది.

"బోణీ నేను చేస్తాలే నర్సమ్మగారూ. పొద్దున్నే వచ్చినోళ్ళు ఉట్టి చేతుల్తో పోతే బాగుంటదా?" అంది. అమ్ముకునేవాళ్ళకి ఆ రోజు మొదటి బేరం ఎవరి చేతి మీద జరిగిందన్నది ఎంత ముఖ్యమో ఆవిడకు తెలిసినంత నాకు తెలీదు. ఆవిడ కూర్చునేసరికి వెనక జనం నిలబడ్డారు.

జ్వరం వస్తుందా అని ఎవరో మొగాయన అడిగాడు. కొందరికి రావచ్చు, ఎవరికొస్తుందో చెప్పలేనంది హెల్గా. ఆ ముక్క నేను తెలుగులో చెప్పేలోగా పాండురంగారావు అందుకున్నాడు. "ఏం కాదు బాబూ, చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

సాయంత్రానికి పల్లెలో సగం మంది దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నారు. చేతులు వాచి తాడు లాగలేక పడవలు ఒడ్డునే ఉండిపోయాయి. ఉప్పెన తరవాత ఎక్కడెక్కడివో వలలు తెచ్చుకుని అప్పుడప్పుడే వేటకు వెళ్తున్న మనుషులు. వాళ్ళకు పట్టిన కోపంలో నాకు తప్పేం కనిపించలేదు.

రెండో సూది జనవరిలో వెయ్యాలి. అది పడకపోతే మొదటిది దండగ. పక్క పల్లెలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయని కబురు రావడంతో నాకు కాలు నిలవలేదు. హెల్గాని వెంటబెట్టుకుని ముందుగా మాట్లాడదామని వెళ్ళాను. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు తలలెత్తలేదు. గంప సర్దుకుంటున్న పేరంటాలే మాట్లాడింది.

"మా చేప ముట్టుకోటానికి ఊరోళ్ళకి అసయ్యం. మీ సూది మాత్రం మేం వేసుకోవాల. అంతేగా?"

"అదీ ఇదీ ఒకటేనా పేరంటాలూ?"

"మాకు ఒకటేనమ్మా. మా చేప మంచిదో కాదో ఆ దొరసాన్ని చెప్పమనండి."

అడిగాను. హెల్గా గంపలోకి వంగి చూసింది. శవాలు కలిసిన నీళ్ళలో చేప తిని రోగం వచ్చినట్టు తను ఎక్కడా వినలేదట, కానీ ఈ సముద్రంలో చేపను పరీక్ష చెయ్యలేదు కాబట్టి, తెలీదట. ఆ ఆఖరి మాట పేరంటాలుకు నేను తిప్పి చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

"ఆయన అన్నిటికీ ఏం కాదంటాడు. ఈమె అన్నిటికీ తెలీదంటది. మరి మీరేమంటారు నర్సమ్మగారూ?"

రేపు తెనాలి వెళ్ళే రైల్లో మాట్లాడదామని తప్పించుకున్నాను.

దారిలో హెల్గా మీద విరుచుకుపడ్డాను. "మంచివేనని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"అన్నాక ఒక్కరికి జబ్బు చేస్తే, తరవాత నేను చెప్పే మాట ఎవరు వింటారు? పాండురంగారావు మాట ఇప్పుడు ఎవరైనా వింటున్నారా?" అంది.

ఆ మాట నిజమే కావడంతో నా కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు పొద్దున రేపల్లె నుంచి తెనాలి వచ్చే పాసింజరులో పేరంటాలు గంపకు ఆనుకుని కింద కూర్చుంది. గంప మీద తడి గోనెపట్టా, పక్కన కత్తిపీట. హెల్గా తలుపు దగ్గర నిలబడింది. నేను ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాను. తిరిగి తిరిగి, రాత్రంతా కడుపులో పెట్టుకున్నది కక్కేశాను.

"ఒక సంగతి చెప్పు. తెనాలిలో నీ దగ్గర కొనేది ఎందుకు? కొన్న చేప అక్కడే కోసి శుభ్రం చేసి ఇస్తావని. ఉప్పెన తరవాత నువ్వు కొయ్యడం మానేశావు, చేపను చేపగా చేతిలో పెడుతున్నావు. అమ్మేదానికే కొయ్యాలంటే భయమట, చూశారా అంటున్నారు ఊళ్ళో. ఆ ఉంగరం కథకు ఇంత బలం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు? నలుగురి ముందూ ఒక్క చేప కోసి పడెయ్. గొడవ వదిలిపోతుంది."

పేరంటాలు గంప మీద గోనెపట్టా సరిచేసింది. భట్టిప్రోలు దాటాక అంది.

"మా ఎంకయ్య చేతికి ఉంగరం ఉందమ్మా."

వెంకయ్య ఆవిడ కొడుకు. ఉప్పెన రోజున పడవ తాళ్ళు బిగించడానికి వెళ్ళాడని, తిరిగి రాలేదని పల్లెలో విన్నాను. మనిషి కూడా దొరకలేదు.

"ఎండిది. పెళ్ళికి పెట్టింది. ఎవరు ఉంగరం మాట ఎత్తినా ఎండిదా బంగారందా అని అడుగుతా. బాపట్ల కూడా పోయొచ్చా. అందరూ బంగారందే అంటారు. కాసేపు పానం కుదుటపడుద్ది. మళ్ళీ పొద్దున్నే కత్తిపీట ముందు కూచుంటే చెయ్యి రాదు. ఏ చేప కొయ్యబోయినా దీంట్లో ఉందేమోననిపిచ్చుద్ది."

బాపట్ల టీ కొట్టు ముందు ఆవిడా నిలబడింది, నేనూ నిలబడ్డాను. నేను ఒకడి చెవి మెలిపెట్టడానికి వెళ్ళాను. సిగ్గేసింది. ఆవిడ పక్కన కింద కూర్చున్నాను.

"మీ సూదికి బోణీ నేను చేశా. నా గంపకి బోణీ మీరు చెయ్యండి. చేప మీరే కొయ్యండి. కడుపులో ఏముందో చూసి ఉన్నదున్నట్టు చెప్పండి. నేను చూళ్ళేను," అంది పేరంటాలు.

హెల్గాకి చెప్పాను. ఆవిడ వెంటనే చేతులు చాపి, తను కోస్తానంది. ఎన్ని కొయ్యమంటే అన్ని కోస్తుందట.

"ఆమె వద్దమ్మా. ఆమె నేడో రేపో ఎల్లిపోద్ది. తెల్లోళ్ళు ఏదైనా తింటారని ఊరోళ్ళు కొట్టిపారేస్తారు. మీరైతే ఈడే ఉండాల, రేపు మళ్ళీ మా మొకాలు చూడాల. మీ మాటైతే మాటే."

చేప ముట్టుకోవడానికి నాకు వెరపు లేదు. మంత్రసాని లేని ఇళ్ళలో కాన్పులు చేసిన చేతులివి. భయమల్లా నాన్న గురించి. పూజారి కూతురు బజార్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసిందంటే, గుడి ధర్మకర్తలు నన్నేం చెయ్యలేరు, ఆయన్ని పట్టుకుంటారు. లేచి మళ్ళీ తిరగడం మొదలుపెట్టాను. ఉంగరం ఉండదని నాకు తెలుసు. అయినా, ఉంటే? ఆ ఆలోచన వేమూరు దగ్గర పట్టుకుంది, తెనాలి దాకా వదల్లేదు.

"నువ్వు చెయ్యకపోయినా నేను తప్పుగా అనుకోను," అంది హెల్గా.

నేను ఆ పని చేస్తే మా నాన్నకు ఏమవుతుందని అడిగింది.

"తెలీదు," అన్నాను. ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మార్కెట్లో పేరంటాలు గంప దించి, కత్తిపీట ముందు పెట్టుకుని కూర్చుంది. నేను గేటు దగ్గర అటూ ఇటూ పచార్లు చేశాను. కూరగాయల సంచీతో వస్తున్న మా వీధి సుబ్బాయమ్మగారు ఆగిపోయింది. ఆవిడ చేపల పులుసు పెడితే వీధి చివరిదాకా వాసన వచ్చేది. ఉప్పెన తరవాత మానేసింది.

"ఏంటమ్మాయ్, నువ్విటొచ్చావేంటి?" అంది.

ఇంకా ఆగితే నా ధైర్యం జారిపోతుందనిపించింది. చరచరా వెళ్ళి గంప ముందు నిలబడి, అందరికీ వినబడేలా అడిగాను. "పేరంటాలూ, ఈ పండుగొప్ప ఎంత?"

బోణీ వేళ ధర అడిగినవాళ్ళు కొనకుండా వెళ్ళకూడదు. ఆ వరసలో ఆడవాళ్ళంతా తలలెత్తారు. పేరంటాలు చెప్పింది. బేరమాడకుండా ఇచ్చాను. డబ్బు కళ్ళకద్దుకుని, గంపకు తాకించి, లేచి తన పీట నాకిచ్చింది.

కత్తిపీట మీద కాలేసి కూర్చున్నాను. నా చుట్టూ జనం మూగారు. పూజారిగారమ్మాయి కదూ అని ఒకరు, అవునండి ఆ అమ్మాయేనని ఇంకొకరు. హెల్గా నా పక్కనే గొంతుక్కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో వేలితో చూపించింది. చేప ఒకసారి చేతిలోంచి జారింది, వెనక ఎవరో నవ్వారు. రెండోసారి కడుపు తెగింది. వేళ్ళు లోపల పెట్టాను. చల్లగా, జిగటగా ఉంది.

పేరంటాలు అటు తిరిగి గంప అంచు పట్టుకుని ఉంది. "ఏముందమ్మా?" అంది. ఆ గొంతు విన్నాక నాకు ఊళ్ళోవాళ్ళూ గుర్తులేరు, ధర్మకర్తలూ గుర్తులేరు. ఆవిడకు నేను అబద్ధం చెప్పకూడదు, అదొక్కటే అనుకున్నాను. పేగులు తీసి ఆకు మీద పరిచి, చేప కడుపు సంచీ చీల్చి చూశాను.

"రెండు రొయ్యపిల్లలున్నాయి. కాస్త బురదుంది. ఇంకేం లేదు."

గంప అంచు మీద ఆవిడ వేళ్ళు కొంచెం వదులయ్యాయి.

"ఒకదాంట్లో లేకపోతే అన్నిట్లోనూ లేనట్టేనా?" అన్నాడు గుంపులో ఒకాయన.

పాండురంగారావు మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఏం కాదు, అన్నీ మంచివేనంటే అయిపోతుంది. హెల్గాకి ఆయన అడిగింది అర్థం కాలేదు, అయినా నా మొహంకేసి చూస్తోంది.

"ఈ చేపలో లేదండి. మిగతావాటి సంగతి నాకు తెలీదు. కావాలంటే మీ ముందే కోస్తాను, మీరే చూసుకోండి," అన్నాను.

చెడగొట్టానేమో అనుకున్నాను. సుబ్బాయమ్మగారు సంచీ కింద పెట్టింది.

"నాకొకటి కొయ్యమ్మాయ్. ఇన్నాళ్ళూ నోరు చచ్చిపోయింది," అంది.

కోశాను. వంగి స్వయంగా చూసుకుని సంచీలో వేసుకుంది. తరవాత ఇంకొకాయన. ప్రతి చేపకూ పేరంటాలు ఏముందమ్మా అని అడగడం, ఉన్నది నేను చెప్పడం. చిన్న చేప, నాచు, ఒకదాంట్లో ఏమీ లేదు. పోను పోను ఆవిడ మెల్లిగా ఇటు తిరిగింది. ఆఖరి చేపకు చెయ్యి పెట్టబోతే నా మణికట్టు పట్టుకుంది.

"అది ఉంచండి. ఇంటికి తీసుకుపోతా," అంది.

నేను కొన్న బోణీ చేప పారెయ్యకూడదు, వండాల్సిందే. అది హెల్గాకిచ్చాను. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టుకు తిందని తరవాత తెలిసి ఆ చేప మీద జాలేసింది.

నాకంటే ముందే కబురు మా ఇంటికి చేరింది. నాన్న పెరట్లో బావి దగ్గర నీళ్ళు తోడి నిలబడ్డారు.

"దొరికిందా?" అన్నారు. ఉంగరం కథ ఆయనా విన్నారు.

"లేదు నాన్నా." వెంకయ్య సంగతి చెప్పాను. ఆయన బిందె ఎత్తి నా నెత్తిన పోశారు. ఇంకో బిందె తోడారు.

"రేపు ధర్మకర్తలు అడుగుతారు."

"ఏం చెప్తారు?"

"కోసిందనే చెప్తాను. ఎందుకు కోసిందో కూడా చెప్తాను. వింటారో లేదో తెలీదు."

వినలేదు. నెల రోజులు గర్భగుడిలోకి రావద్దన్నారు, మా బాబాయి చేత పూజ చేయించారు. నాన్న తెల్లవారుజామునే అలవాటుగా లేచి, స్నానం చేసి, వెళ్ళే చోటు లేక వసారాలో పచార్లు చేసేవారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

రెండో సూదికి బయల్దేరిన శుక్రవారం, రేపల్లెలో జీపు ఎక్కేముందే పాండురంగారావుకి చెప్పాను, ఈసారి మీరు నోరు తెరవొద్దని. ఆయన నొచ్చుకున్నాడు. ఏం కాదులే అన్నాడు. పల్లెలో పెట్టె తెరిచి కూర్చున్నాం. మగవాళ్ళు దూరంగా పడవల నీడలో నిలబడి చూస్తున్నారు. గాలికి దూది ఎగిరిపోతోంది. నేను సూదులు సర్దాను, మళ్ళీ సర్దాను. ఎవరూ కదల్లేదు. నాన్న వసారాలో తిరుగుతూ ఉంటారు ఈపాటికి, ఇదంతా ఇందుకేనా అని ఏడుపొచ్చింది.

ఇసకలో ఎవరో వస్తున్న చప్పుడైంది. పేరంటాలు వచ్చి నా ముందు కూర్చుని, రవిక చెయ్యి పైకి లాక్కుంది. స్పిరిట్ దూదితో తుడుస్తుంటే మోచేతి పైన అంటుకున్న చేప పొలుసు ఒకటి ఊడి దూదిలోకి వచ్చింది. వేళ్ళు చూశాను. గోళ్ళ సందుల్లోనూ పొలుసులే. కత్తిపీట ముందు కూర్చుని లేచి వచ్చిన చేతులు.

"కోశావా?" అన్నాను.

"కోశా. రోజూ కోస్తున్నా." తన గోళ్ళకేసి చూసుకుంది. "లేదమ్మా. దేంట్లోనూ లేదు."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి. సిరంజిలోకి మందు ఎక్కించుకున్నాను.

"జొరం వచ్చిద్దా?" అంది పేరంటాలు, పడవల నీడలో వాళ్ళకు కూడా వినబడేలా.

నా వెనక పాండురంగారావు గొంతు సవరించుకోవడం వినిపించింది. హెల్గా ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"రావచ్చు. ఎవరికొస్తుందో నాకు తెలీదు. సగం మంది ఇవాళ వేయించుకుని, సగం మంది మంగళవారం వేయించుకుంటే పడవలు ఆగవు," అన్నాను.

పేరంటాలు తల తిప్పి పడవల వైపు చూసింది.

"జొరం రావచ్చంట. రండి," అంది.

వాళ్ళు వచ్చారు.